పెళ్లి వీడియో ప్రయాణం: క్యాసెట్ నుంచి స్ట్రీమింగ్ వరకు

ప్రస్తావన

హైదరాబాద్ పాతబస్తీలోని కిషన్‌బాగ్ వంటి పేటల నుంచి గల్ఫ్‌కు, అమెరికాకు వలస వెళ్లినవారు ఎందరో ఉన్నారు. ఇంట్లో జరిగిన పెళ్లిని దూరాన ఉన్న అన్నకు చూపించడం ఎలా? ఈ ప్రశ్నకు ప్రతి తరం ఒక సమాధానం వెతుక్కుంది. చిత్రం ఎంత బాగున్నా, అవతలి యంత్రం దాన్ని చదవగలగాలి. ఈ పాఠంలో ఆ చరిత్రను పరిశీలిద్దాం.

1. క్యాసెట్ కాలం

సోనీ 1975లో బీటామాక్స్‌ను, జేవీసీ 1976లో వీహెచ్ఎస్‌ను విడుదల చేశాయి. ఒకదాని క్యాసెట్ రెండోదానిలో పట్టదు. చివరికి వీహెచ్ఎస్ నిలిచింది. అయితే ఇబ్బంది తీరలేదు. మన దేశంలో పాల్ పద్ధతి ఉండేది: 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు. అమెరికాలోని ఎన్‌టీఎస్‌సీలో 525 గీతలు, సుమారు 30 ఫ్రేములు. కువైట్‌లోనూ పాల్ ఉండటం వల్ల ఇక్కడి క్యాసెట్ అక్కడ ఆడేది. అమెరికాకు పంపాలంటే మార్పిడి చేయించాలి, లేదా అక్కడ రెండు పద్ధతులూ చదివే వీసీఆర్ ఉండాలి. మార్చిన ప్రతిలో స్పష్టత కొంత తగ్గేది.

2. డిస్క్ కాలం

1993లో వీసీడీ ప్రమాణం వచ్చింది. ఒక్కో డిస్కులో సుమారు 74 నిమిషాలే పట్టేవి. మూడు గంటల పెళ్లికి మూడు డిస్కులు కావలసి వచ్చేవి. తరువాత వచ్చిన డీవీడీ మెరుగైన చిత్రాన్ని ఇచ్చినా, పాత వీసీడీ ప్లేయర్‌లో ఆడేది కాదు.

3. స్ట్రీమింగ్ కాలం

నేడు వీడియో ఒక ఫైలు. ఎంపీ4, ఎంకేవీ వంటివి టిఫిన్ డబ్బాల లాంటివి. లోపలి పదార్థం కోడెక్: హెచ్.264 (2003), హెచ్‌ఈవీసీ (2013), ఏవీ1 (2018). డబ్బా తెరిచిన టీవీకి లోపలి కోడెక్ తెలియకపోతే బొమ్మ రాదు. అందువల్ల ఇంటి సర్వర్ మూడు మార్గాలలో ఒకటి ఎంచుకుంటుంది:

అ) పరికరానికి అన్నీ తెలిస్తే ఫైలును యథాతథంగా పంపడం.
ఆ) డబ్బాను మాత్రమే మార్చడం. నాణ్యత తగ్గదు.
ఇ) కోడెక్‌నే మార్చడం. దీన్ని ట్రాన్స్‌కోడింగ్ అంటారు. ఇందులో కొంత నాణ్యత పోతుంది, ప్రాసెసర్‌పై భారం పడుతుంది.

వెనుక క్యాసెట్ దుకాణంలో జరిగిన మార్పిడే ఇప్పుడు సర్వర్‌లో క్షణాల్లో జరుగుతోందని గమనించండి.

4. చరిత్రకారుడికి ఎందుకు ముఖ్యం?

పెళ్లి క్యాసెట్ దుస్తులకు, భాషకు, వీధికి సాక్ష్యం. కానీ వీసీఆర్‌ల చివరి తయారీదారైన జపాన్ సంస్థ ఫునాయ్ 2016లో ఉత్పత్తి ఆపివేసింది. టేపుపై అయస్కాంత పూత ఏళ్లు గడిచేకొద్దీ క్షీణిస్తుంది. కాబట్టి మీ ఇంటి బీరువాలో క్యాసెట్ ఉంటే, అది ఇంకా ఆడుతున్నప్పుడే మంచి నాణ్యతతో డిజిటల్ రూపంలోకి మార్చి, ఆ మూల ఫైలును భద్రపరచండి. ఇతర పరికరాలకు పంపే ప్రతులను దాని నుంచే తయారు చేయండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. మన దేశపు క్యాసెట్ అమెరికాలో ఎందుకు ఆడేది కాదు?
2. డబ్బా మార్చడానికి, ట్రాన్స్‌కోడింగ్‌కు తేడా ఏమిటి?
3. మీ కుటుంబంలోని ఒక పాత వీడియో ఏ రూపంలో ఉందో తెలుసుకొని, అందులో కనిపించే మూడు చారిత్రక వివరాలు రాయండి.