ఫర్హాబాద్ సఫారీ

ఫర్హాబాద్ సఫారీ తెలంగాణ రాష్ట్రం, నాగర్‌కర్నూల్ జిల్లాలోని నల్లమల అడవులలో అటవీశాఖ నిర్వహించే వన్యప్రాణి సందర్శన యాత్ర. ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోనిది. హైదరాబాదు - శ్రీశైలం జాతీయ రహదారిపై మన్ననూరు దాటిన తరువాత వచ్చే ఫర్హాబాద్ ద్వారం వద్ద ఈ యాత్ర మొదలవుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల వారికి పులులు తిరిగే అడవిని చూడటానికి అతి దగ్గరి చోటు ఇదే.

పేరు

సఫారీ అనేది తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషా పదం. దీని అర్థం ప్రయాణం. ఈ మాటకు మూలం అరబ్బీలోని సఫర్. అదే సఫర్ ఉర్దూ ద్వారా పాలమూరు ప్రజలకు ఎప్పటినుండో పరిచితమైనదే. ఆంగ్లంలో సఫారీ మొదట వేట యాత్రకు వాడుకలోకి వచ్చి, తరువాత జంతువులను చూచివచ్చే యాత్రకు పేరుగా స్థిరపడినది. ఫర్హాబాద్ చరిత్ర కూడా ఇదే దారిలో నడిచినది.

చరిత్ర

నిజాం పాలనలో ఫర్హాబాద్ పాలకవర్గపు వేట విడిది. పీఠభూమి అంచున ఎత్తైన చోట ఉన్న దీనిని మౌంట్ ప్లెజెంట్ అని కూడా వ్యవహరించేవారు. కృష్ణానదికి ఇరువైపులా గల అడవులను కలిపి 1978లో నాగార్జునసాగర్ - శ్రీశైలం అభయారణ్యంగా ప్రకటించారు. 1983లో ఇది ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చినది. 3,568 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యంగా ఉండేది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన తరువాత, కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం 2015లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా ఏర్పడినది. దీని విస్తీర్ణం 2,611 చ.కి.మీ. ఇందులో 2,166 చ.కి.మీ. కోర్ ప్రాంతం, మిగిలినది బఫర్ ప్రాంతం.

అడవి స్వరూపం, జంతుజాలం

ఇది ఆకురాల్చే పొడి అడవి. నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, మోదుగ, టేకు, వెదురు విస్తారంగా కలవు. పులి, చిరుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, చుక్కల దుప్పి, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది, బెట్లుడుత మొదలైనవి ఇక్కడి ముఖ్య జంతువులు. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో సీసీఎంబీ సహకారంతో పెంచిన మూషిక జింకలను 2017 నుండి ఈ అడవిలో విడిచిపెట్టారు.

టీవీలో ఆఫ్రికా సఫారీలను చూచి వచ్చేవారు ఒక భేదాన్ని గుర్తించవలసి ఉన్నది. సెరెంగెటి, మసాయి మారా విశాలమైన గడ్డిమైదానాలు. అక్కడ చాలా దూరంలోని జంతువు కూడా కనబడుతుంది, మందలు వేల సంఖ్యలో ఉంటాయి. నల్లమలలో చెట్లు, పొదలు, లోయలు చూపును అడ్డగిస్తాయి. పులి కనబడటం అరుదు. అడుగుజాడ, చెట్టు బెరడుపై గోళ్ళ గీతలు, దుప్పి హెచ్చరిక కూత వంటి ఆనవాళ్ళు కనబడటమే ఎక్కువ. పులి ఒక్కదాని కొరకే వచ్చినవారు నిరాశతో తిరిగిపోవచ్చు. అడవిని చూడవచ్చినవారికి ఆ బాధ ఉండదు.

చెంచులు

ఈ అడవి చెంచుల నివాసభూమి. వీరి ఆవాసాలను పెంటలు అంటారు. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమిపై చెంచుల మధ్య ఉండి చేసిన పరిశీలన 1943లో గ్రంథంగా వెలువడినది. తేనె, దుంపలు, అటవీ ఫలసాయం వీరి సంప్రదాయిక జీవనాధారాలు. నేడు చెంచు యువకులు కొందరు సఫారీకి మార్గదర్శకులుగా, మరికొందరు అటవీ రక్షణ సిబ్బందిగా పనిచేస్తున్నారు. కోర్ ప్రాంతపు గ్రామాలను వెలుపలికి తరలించే విషయంపై భిన్నాభిప్రాయాలు ఉన్నవి. పులికి ప్రశాంతమైన చోటు కావాలన్నది ఒక వాదం కాగా, అడవిని ఎరిగి కాపాడినవారిని అడవికి దూరం చేయరాదన్నది మరొక వాదం. యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా ఇక్కడి ప్రజలు ఆందోళన చేయగా, 2019 సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానించినది.

చేరుకొను విధము

హైదరాబాదు నుండి కల్వకుర్తి, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు దాదాపు 140 కిలోమీటర్లు. శ్రీశైలం వెళ్ళే ఆర్టీసీ బస్సులు ఈ దారినే పోతాయి. గద్వాల వారు బీచుపల్లి వంతెనపై కృష్ణను దాటి పెబ్బేరు, వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేటల మీదుగా రావచ్చును. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలు మార్గం లేదు. మన్ననూరు - దోమలపెంట మధ్య అటవీ మార్గంలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. కనుక వేకువ సఫారీకి వెళ్ళదలచినవారు ముందురోజు సాయంత్రానికే మన్ననూరు చేరుకొనడం మంచిది.

సందర్శన కాలం, ఏర్పాట్లు

వానకాలంలో, జూలై నుండి సెప్టెంబరు చివరి వరకు, సఫారీ మూసివేస్తారు. అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం ఆహ్లాదకరంగా ఉంటుంది. మార్చి నుండి మే వరకు ఎండ తీవ్రమైనా, ఆకు రాలి చూపు సాగుతుంది, జంతువులు నీటి గుంటలకు చేరుతాయి. జంతువులను చూడటానికి అదే అనువైన కాలం. అయితే కార్చిచ్చు భయం కూడా అప్పుడే ఎక్కువ. అటవీశాఖ 2021 నుండి మన్ననూరులో బస, సఫారీ, కాలినడకలతో కూడిన యాత్రను నిర్వహిస్తున్నది. సెలవు దినాలలో రద్దీ ఉంటుంది కనుక ముందుగా నమోదు చేసుకొనవలెను.

ఆకు రంగులో కలిసిపోయే నూలు దుస్తులు, టోపీ, బూట్లు, దుర్భిణి, దోమల మందు, తాగునీరు వెంట ఉండవలెను. విదేశీ సఫారీకి కావలసిన పత్రాలేవీ దీనికి అక్కరలేదు. కెన్యా వంటి దేశాలకు వెళ్ళివచ్చే భారతీయులకైతే పచ్చజ్వరం టీకా ధ్రువపత్రం అవసరం. ఆ టీకాను ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకొనవలెను.

నియమాలు

* అటవీశాఖ వాహనం నుండి దిగరాదు. మార్గదర్శకుని మాట పాటించవలెను.
* బిగ్గరగా మాట్లాడటం, పాటలు పెట్టడం, అత్తరు పూసుకొనడం తగదు.
* నిప్పు రాజేయరాదు, పొగ త్రాగరాదు.
* ప్లాస్టిక్ వస్తువులు తీసుకుపోరాదు. అభయారణ్యంలో వాటిపై 2024 జూలై నుండి నిషేధం ఉన్నది.
* రహదారి వెంట కోతులకు ఆహారం వేయరాదు. దానికి అలవాటుపడిన కోతులు వాహనాల కిందపడి చనిపోతున్నవి.
* చెంచు పెంటలలో అనుమతి లేకుండా ఛాయాచిత్రాలు తీయరాదు.

సమీప దర్శనీయ స్థలాలు

ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం జలపాతం, అక్కమహాదేవి గుహలు, శ్రీశైలం జలాశయం. చైత్ర పౌర్ణమి సందర్భంగా జరిగే సలేశ్వరం జాతరకు ఏడాదిలో కొద్ది రోజులు మాత్రమే అడవిలోకి అనుమతిస్తారు.