చెవికెక్కని మొర: శ్రీకాకుళ మన్యం, 1967–70

పదవీ విరమణకు ముందటి ఏళ్ళలో నేను మన్యపు అంచునున్న ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితునిగా పనిచేశాను. ఒకనాడు సమాసాల పాఠం నడుస్తుండగా ఒక జాతాపు పిల్లవాడు లేచి, "మాస్టారూ, సత్యం మాస్టారు కూడా మీలాగే బడిలో పాఠాలు చెప్పేవారట కదండీ. మరి తుపాకీ ఎందుకు పట్టారండీ?" అని అడిగాడు. "అది పరీక్షలో రాదు, కూర్చో నాయనా" అన్నాను. తరగతంతా నవ్వింది. వాడు నవ్వలేదు.

1969లో నాకు తొమ్మిదేళ్ళు. మా ఊరి మీదుగా కొండల వైపు పోలీసు లారీలు వెళ్ళేవి. ఎందుకని అడిగితే మా నాన్నగారు వీధి తలుపు వేసిరమ్మనేవారు. ఆయన చేసిన పనే ఆ తరగతిలో నేనూ చేశాను. ఆనాడు చెప్పవలసిన జవాబును ఇప్పుడు రాస్తున్నాను.

వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ ఉపాధ్యాయులే. నాటి శ్రీకాకుళం జిల్లా, నేటి పార్వతీపురం మన్యం జిల్లా కొండలలో సవరలు, జాతాపుల మధ్య పనిచేసినవారే. వారు మొదట పట్టింది తుపాకీ కాదు, అర్జీ. ఈ సంగతి మరచినవారికి తీవ్రవాదపు పుట్టుక బోధపడదని నా నమ్మకం.

కొండవాని భూమి చేజారిన విధానం చూడండి. ఆషాఢ శ్రావణాలలో గింజలు నిండుకొంటాయి. మైదానం నుంచి వచ్చి స్థిరపడిన షావుకారు ధాన్యం అప్పిస్తాడు. ఇచ్చేటప్పుడు చిన్న కుంచం, పుచ్చుకొనేటప్పుడు పెద్ద కుంచం. పంట చేతికి రాగానే చింతపండూ పసుపూ షావుకారు చెప్పిన ధరకే అతనికి చేరతాయి. అయినా బాకీ తీరదు. కాగితం మీద వేలిముద్ర పడుతుంది. కొన్నేళ్ళకు భూమి షావుకారుదవుతుంది, భూమిగలవాడు అదే చేలో కంబారిగా నిలుస్తాడు. పోనీ పోడు కొట్టుకొందామంటే అడవి సర్కారుది, జవానుకు మామూలు చెల్లించాలి.

ఇది 1960లలో మొదలైన అన్యాయం కాదు. 1879లో గోదావరి మన్యంలో రంప తిరుగుబాటు లేచినప్పుడూ కారణాలు ఇంచుమించు ఇవే: కల్లు మీద చిగురుపన్ను, మున్సబుదారు దోపిడి, మైదానపు వర్తకులు కోర్టులలో సంపాదించిన డిక్రీలు. తన మీద వ్యాజ్యం పడిందని కొండవానికి తెలిసేసరికే పశువులు జప్తు అయ్యేవి.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. మద్రాసు ప్రభుత్వం 1917లోనే ఏజెన్సీ భూబదలాయింపు చట్టం చేసింది. అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా కొండవాని భూమి ఇతరులకు సంక్రమించదని దాని సారాంశం. స్వాతంత్ర్యానంతరం 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కట్టడిని కొనసాగిస్తూ ఒకటవ రెగ్యులేషన్ తెచ్చింది. దాని అమలుకు కావలసిన నియమావళి ఎప్పుడు వచ్చిందో తెలుసా? 1969లో! పదేళ్ళ పాటు చట్టం ఉంది, దానిని నడిపే నియమాలు లేవు. ఆ పదేళ్ళలోనే కొండలలో కథ మారిపోయింది.

1950ల చివరి నుంచి అక్కడ గిరిజన సంఘం వేళ్ళూనుకొంది. కమ్యూనిస్టులైన ఆ ఉపాధ్యాయుల అండతో కూలి పెంచమని, వెట్టి మాన్పమని, అన్యాక్రాంతమైన భూములు తిరిగి ఇప్పించమని అడిగింది. సభలు పెట్టింది, ఊరేగింపులు తీసింది, సమ్మెలు చేసింది. కొంత సాధించింది కూడా. కంబారులకు కూలి పెరిగింది. ఆ దశలో దానిని తీవ్రవాదమనడానికి వీలులేదు.

1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం మహాసభ తలపెట్టారు. ఆ సభకు నడిచిపోతున్నవారిని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు అడ్డగించారు. కాల్పులలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది. 1968లో న్యాయస్థానం నిందితులను విడిచిపెట్టింది.

అర్జీ పెట్టినవారికి కోర్టు ఆఖరి గడప. ఆ గడప దగ్గర కూడా తమకు చోటు లేదని వారు నిశ్చయించుకొన్నారు. సరిగ్గా అప్పుడే వేరొక దారి చూపేవారు సిద్ధంగా ఉన్నారు. 1967 మే నెలలో బెంగాలులోని నక్సల్బరీలో రైతులు తిరగబడ్డారు. చారు మజుందారు మాట ఈ కొండలకూ పాకింది. 1968 నవంబరులో సాయుధ దాడులు ఆరంభమయ్యాయి. 1969 ఏప్రిల్ 22న పుట్టిన కొత్త పార్టీ వర్గశత్రు నిర్మూలనను సిద్ధాంతంగా పెట్టుకొంది. సిద్ధాంతానికి బాధ్యత లేదని నేననను. షావుకారును ఇంటిలోనే చంపడం న్యాయమని ఒక ఉపాధ్యాయుడు నమ్మే స్థితికి ఏ సిద్ధాంతం తెచ్చినా అది తప్పే. కాని నిప్పురవ్వ బెంగాలు నుంచి వచ్చినా, ఎండిన గడ్డివాము మాత్రం మన పెరటిదే.

ఫలితమేమిటి? కొండలు కల్లోలిత ప్రాంతమయ్యాయి. బొడ్డపాడు గుడిలో పూజారిగా ఉండి జముకుల కథతో జనాన్ని కదిలించిన సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరు 22న మరణించాడు. సత్యం, కైలాసం 1970 జూలై 10న పోలీసు కాల్పులకు బలైపోయారు. షావుకార్లూ చచ్చిపోయారు, ఎవరి పక్షమో తేల్చుకోలేని పేదలూ నలిగిపోయారు.

ఆ తరువాతి సంగతే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. 1969లో నియమావళి వచ్చింది. 1970లో ఒకటవ రెగ్యులేషన్ వచ్చి పాత చట్టానికి కోరలు తొడిగింది. గిరిజనేతరుని చేతిలోని షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనునిదేనని భావించాలని, కాదని రుజువు చేసుకొనే భారం అనుభవిస్తున్నవానిదేనని చెప్పింది. అదే ఏడు గిరిజనుల రుణవిముక్తికీ కట్టడి వచ్చింది. కేంద్ర హోం శాఖ పరిశోధకులు కూడా 1969లో వ్యవసాయ రంగపు ఉద్రిక్తతలను పరిశీలించి, భూసంస్కరణల వైఫల్యాన్ని వేలెత్తి చూపారు. మంచిదే. కాని అర్జీకి రానిది తుపాకీ పేలగానే వచ్చిందంటే, ఆ చూసినవాడు ఏ పాఠం నేర్చుకొంటాడు? ఉగ్రవాదానికి ఇంతకు మించిన గురువు లేదు. ఆ పాఠం చెప్పింది కొండమీది మాస్టార్లు ఒక్కరే కాదు, కచేరీలు కూడా.

వేరొక మాస్టారి మాట చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, ఎవరూ పట్టించుకోని సవర భాషను నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించాలని సొంత డబ్బుతో బడులు నడిపారు. సవర వ్యాకరణం రాశారు, నిఘంటువు కూర్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటూ మేమంతా వ్యావహారిక భాష మీద ఉపన్యాసాలిస్తాం. సవర బడుల ఊసు ఎత్తేవారు అరుదు. కచేరీలో కాగితం చదువుకోగల సవరవాడు ఆ కాగితం మీద ఊరికే వేలిముద్ర వేయడు. ఆ బడులు కొండకొక్కటిగా పెరిగి ఉంటే, తరువాతి మాస్టార్లకు ఎలాంటి పని మిగిలేదో ఊహించుకోండి.

తీవ్రవాదం అన్న సమాసంలో ఉత్తరపదం వాదం. వాదాన్ని వినేవాడు లేనిచోట పూర్వపదం ఒక్కటే మిగులుతుంది. ఆనాడు సమాసాల పాఠంలోనే ఈ మాట చెప్పి ఉండవచ్చు. ఒక పిల్లవాడు లేచి అడిగిన ప్రశ్నకు "పరీక్షలో రాదు" అనడం, అర్జీని చదవకుండా కట్టలో కట్టేయడం, రెండూ ఒకే జాతి పనులు. వాడు ఆ తరువాత నన్ను మరే ప్రశ్నా అడగలేదు.