ఈ-టైప్, 911: జాతి గుణమా, కార్ఖానా వారసత్వమా?

జాగ్వార్ ఈ-టైప్ 1961 మార్చిలో జెనీవాలో జనం ముందుకొచ్చింది. పోర్షే 911ని 1963 సెప్టెంబరులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపించారు. అప్పటికి దాని పేరు 901. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యుజో అడ్డుచెప్పడంతో మారింది. ఈ రెండు కార్లనూ పక్కపక్కన పెట్టినవాళ్లు ఇంగ్లిషువాళ్ల సొగసు, జర్మన్ల క్రమశిక్షణ అని తేల్చేస్తుంటారు. ఆ తీర్పు సాక్ష్యానికి నిలవదు. వాటి రూపం జాతి గుణం నుంచి రాలేదు, ఆ రెండు కంపెనీల చేతిలో అప్పటికే ఉన్న సరంజామా నుంచి వచ్చింది.

ఈ-టైప్ బానెట్ అంత పొడుగ్గా ఉండటానికి కారణం దాని కింద ఒకే వరసలో ఆరు సిలిండర్లున్న 3.8 లీటర్ల ఇంజను. 1948లో ఎక్స్‌కే120తో బయటికొచ్చిన కుటుంబం అది. బాడీ గీసిన మాల్కం సేయర్ బ్రిస్టల్ విమానాల కంపెనీ నుంచి వచ్చినవాడు. ప్రతి వంపునూ లెక్కలు కట్టి నిర్ణయించేవాడు. 1955 నుంచి వరసగా మూడేళ్లు లె మాన్స్ గెలిచిన డి-టైప్ కూడా ఆయన గీసిందే. సొగసు అని మనం మెచ్చుకుంటున్నది నిజానికి గణితం. ఇక క్రమశిక్షణకు పేరుపడ్డ పోర్షే సంగతి చూడండి. ఆస్ట్రియాలోని గ్మూండ్‌లో ఫోక్స్‌వ్యాగన్ భాగాలతో 356 మొదలుపెట్టినప్పటి నుంచి వాళ్లకు అలవాటైంది వెనక ఉండే, గాలితో చల్లబడే ఇంజను. 911కి ఆరు సిలిండర్ల రెండు లీటర్ల కొత్త ఇంజను కట్టినా దాని చోటు మాత్రం మార్చలేదు. వెనక ఇరుసు దాటి అంత బరువు వేలాడితే మలుపులో కారు తోక బయటికి విసురుతుంది. దానికి విరుగుడుగా తొలినాటి కార్ల ముందు బంపర్ మూలల్లో 11 కిలోల ఇనుప దిమ్మలు దాచారు! 1968లో ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచాక గానీ ఆ జబ్బు కొంత కుదుటపడలేదు. ముందుచూపుతో గీసిన పథకం కాదది, వారసత్వంగా వచ్చిన చిక్కుతో ఏళ్ల తరబడి చేసిన కుస్తీ. నాకు ఆ కారు మీద గౌరవం కలిగేదీ అక్కడే.

ఈ-టైప్ 1974తో ఆగిపోయింది, 911 నేటికీ తయారవుతోంది, ఇది జర్మన్ పట్టుదల కాదా అని అడగవచ్చు. దేశానికి ప్రమేయమే లేదని నేననను. బ్రిస్టల్ లాంటి విమాన పరిశ్రమ లేకపోతే సేయర్ లేడు. కానీ జాగ్వార్‌ను ఆపింది ఇంగ్లిషువాళ్ల నిలకడలేనితనం కాదు. 1968 నాటికి ఆ కంపెనీ బ్రిటిష్ లేలాండ్‌లో భాగమైంది, 1970లో సేయర్ చనిపోయాడు, 1972లో స్థాపకుడు లయన్స్ తప్పుకున్నాడు. పోర్షేలోనూ 911ని సాగనంపే ఏర్పాట్లు జరిగాయి. దాని స్థానంలోకి రావాలనే ముందువైపు ఇంజనుతో 928ని తయారుచేసి 1977లో దింపారు. 1981లో పగ్గాలు చేపట్టిన పీటర్ షుట్జ్ ఆ ఆలోచనను పక్కనపెట్టి 911ని కొనసాగించాడు. ఆయన బెర్లిన్‌లో పుట్టినా, నాజీల కాలంలో కుటుంబంతో దేశం విడిచి, అమెరికాలో పెరిగి అక్కడే ఇంజనీరైనవాడు.