రూకకు భోజనం: మన వంటింటి పొదుపు చరిత్ర

చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు, సంధులు గుర్తుకు వస్తాయి. తెలుగువారు తమ సీమ దాటి ఎప్పుడు వచ్చారు, ఎందుకు వచ్చారు అని ప్రశ్నించుకొన్నప్పుడు కూడా నాయకరాజుల పేర్లు, దండయాత్రల సంవత్సరాలు చెప్పుకొని ఊరుకొంటాము. కాని వలస వచ్చిన కుటుంబం కొత్త ఊళ్ళో మొట్టమొదట చేసిన పని మూడు రాళ్ళు పేర్చి పొయ్యి వెలిగించడం. ఆ పొయ్యిమీద ఏమి ఉడికింది, ఎంత ఖర్చుతో ఉడికింది, ఎవరి చేతిమీదుగా ఉడికింది అన్నది కూడా చరిత్రే. ఈ ఉగాదినాడు ఆ విషయం పాఠకులతో కొంత ముచ్చటించుకోవాలని మా సంకల్పం.

ముందు ఉగాది పచ్చడినే చూడండి. చెట్టుకింద రాలిన వేపపువ్వు, లేత మామిడికాయ, కొత్త చింతపండు, కొత్త బెల్లం, చిటికెడు ఉప్పు, కాస్త కారం. ఏడాదిలో మొట్టమొదట నోట పెట్టుకొనే పదార్థానికి మనవారు కొనవలసిన సరుకు దాదాపు ఏమీ పెట్టలేదు. ఏ కాలంలో ఏది విరివిగా దొరుకుతుందో దానితోనే పండుగ చేసుకొమ్మన్నారు. మన శాకాహారపు ఇంటివంటకు మూలసూత్రం ఇదే.

ఈ సూత్రం ఎంత పాతదో తెలుసుకోవడానికి కావ్యాలు మనకు కొంత సాయం చేస్తాయి. క్రీడాభిరామం అనే వీథినాటకం వినుకొండ వల్లభరాయని పేర వెలసినది. అది శ్రీనాథుని రచనయే అని వాదించే పండితులూ పెక్కుమంది ఉన్నారు. అందులో కాకతీయుల ఓరుగల్లులోని ఒక పూటకూళ్ళ ఇంటి ప్రస్తావన ఉన్నది. అక్కడ ఒక రూక ఇస్తే కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడు కాచిన ఆవునెయ్యి, పప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు పెట్టేవారట. పరవూరివాడికి డబ్బు పుచ్చుకొని కడుపునిండా పెట్టే ఏర్పాటు మనలో ఆరేడువందల యేండ్లనాడే ఉన్నదన్నమాట. అందులోని నెయ్యి, పంచదార పక్కన పెడితే మిగిలేది అన్నం, పప్పు, నంజు, పెరుగు. నేటికీ మన ఇళ్ళలో ఆ వరుస మారలేదు.

ఇక ఆముక్తమాల్యద. 1509 నుండి 1529 వరకు ఏలిన శ్రీకృష్ణదేవరాయలు తెలుగులో వ్రాసిన ఆ కావ్యంలోని కథ జరిగేది తమిళదేశంలోని శ్రీవిల్లిపుత్తూరులో. అక్కడ విష్ణుచిత్తుడు అతిథులకు ఋతువును బట్టి భోజనం పెడతాడు. వానకాలంలో అన్నం, పప్పు, కూరలు, వరుగులు, వడియాలు, పెరుగు. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, పలుచని అంబలి, చెరకురసం, లేతకొబ్బరి నీళ్ళు, నీరుమజ్జిగ, ఊరగాయలు. చలికాలంలో కొత్తబియ్యపు అన్నం, మిరియాల పొడి, పొగలు గక్కే కూరలు, ముక్కు వదిలించే ఆవపచ్చళ్ళు, వేడిపాలు. వానకాలానికి కూరగాయలు కరవు కాబట్టి ఎండలో ఎండబెట్టి దాచిన వరుగులూ వడియాలూ వచ్చాయి. వేసవికి ఆకలి మందం కాబట్టి అంబలీ మజ్జిగా వచ్చాయి. ఇందులో విలాసం కంటె గృహిణి ముందుచూపే ఎక్కువగా కనిపిస్తున్నది.

ఆ వానకాలపు పద్యంలోనే మరొక ముఖ్యమైన మాట ఉన్నది. తడిసిన కట్టెల పొగ భార్య కళ్ళకు సోకకుండా కొబ్బరిచిప్పలు పొయ్యిలో పెట్టి వండించేవారట. విందును వర్ణించిన కవులు ఎందరో ఉన్నారు. వండే మనిషి కళ్ళలోని పొగను గమనించినవారు అరుదు. ఈ మాటతో మనకు మళ్ళీ పని ఉన్నది, గుర్తుంచుకోండి.

ఈ రెండు కావ్యాలలోనూ కానరాని వస్తువు ఒకటున్నది. అది మిరపకాయ. కారానికి రాయలనాటి వంటింట్లో ఉన్నది మిరియం. మిరప అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువారు 1498లో మన పడమటి తీరానికి వచ్చిన తరువాతనే అది ఈ దేశానికి చేరి, క్రమంగా లోపలి సీమలకు ప్రాకింది. పెరట్లో పెరిగేది, ఎండబెడితే ఏడాది నిలిచేది కాబట్టి ఖరీదైన మిరియాన్ని పక్కకు నెట్టింది. ఎర్రని ఆవకాయ లేని తెలుగిల్లు మనం ఊహించలేము గాని, రాయలవారికి ఆ రంగు ఆవకాయ తెలియదు! బంగాళాదుంప, టమాటా, వేరుశెనగ కూడా ఆ ఖండం నుండి వచ్చినవే. కాబట్టి “మన తాతలనాటి అసలైన వంట” అని ఎవరైనా గట్టిగా మాట్లాడితే, ఏ తాతగారి నాటిది అని మెల్లగా అడగవచ్చును.

అన్నీ బయటివే అనుకోనక్కరలేదు. కంది మన నేలమీద పుట్టిన పంట అని వృక్షశాస్త్రజ్ఞులు నిర్ణయించారు. దాని అడవి జాతి నేటికీ ఒడిశా, బస్తరు, తూర్పు కనుమల ప్రాంతంలో పెరుగుతున్నది. పెసలూ మినుములూ కూడా ఈ దేశపువే. పప్పు మనది, దానిలోకి వచ్చి చేరే చుట్టాలు మాత్రం అన్ని దేశాలనుండీ వచ్చారు.

ఆ చుట్టాల పేర్లు గమనిస్తే వలసల చరిత్రే వినిపిస్తుంది. ఉప్మాకు వాడే గోధుమరవ్వ మనకు బొంబాయిరవ్వ. శెనగపిండితో నిమిషాలమీద చేసుకొనేది బొంబాయి చట్నీ. ఎర్రపప్పు మైసూరుపప్పు. తీగకు కాసే సీమవంకాయ బెంగుళూరు వంకాయ. కోస్తావారికి బంగాళాదుంప, తెలంగాణవారికి ఆలుగడ్డ, రాయలసీమవారికి ఉర్లగడ్డ. తమిళుల ఉరుళైక్కిళంగుకు ఈ చివరి మాట దగ్గరి బంధువు. మనవారు ఊళ్ళకు పోయారు, ఊళ్ళు మన వంటింట్లోకి వచ్చాయి.

మనవారి వలసలు ఒక్కసారి జరిగినవి కావు. 16వ శతాబ్దిలో మధుర, తంజావూరు నాయకరాజుల కాలంలో కొందరు తమిళనాటికి వచ్చారు. తెలంగాణనుండి కామాటి పనికి పోయినవారి పేరనే బొంబాయిలో కామాఠీపురం వెలసింది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో సోలాపూరులో మిల్లులు లేచినప్పటినుండి పద్మశాలీ కుటుంబాలు అక్కడికి చేరాయి. 1880 తరువాత కోలారు బంగారు గనులకు చాలమంది కూలికి పోయారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి గాని వారి సంతతి ఆ సీమలో మిగిలే ఉన్నది. ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి ప్రాంతాలలోనైతే మనం కదలలేదు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు సరిహద్దే మనమీదుగా కదిలింది.

ఎవరు ఎక్కడికి పోయినా జీతం చిన్నది, ఇల్లు ఇరుకు, కట్టెలు కొనవలసినవి. అటువంటి ఇంట్లో ఒక గ్లాసుడు కందిపప్పు ఎన్ని పనులు చేసేదో చూడండి. పప్పును నాలుగు గ్లాసుల నీళ్ళతో మెత్తగా ఉడికించి, పైన తేరిన కట్టు వేరే గిన్నెలోకి వంచేవారు. ఆ కట్టులో చింతపండు రసం, ఉప్పు, మిరియం, జీలకర్ర వేసి మరగనిచ్చి పోపు పెడితే చారు. అడుగున మిగిలిన పప్పులో సగం ఉప్పు వేసి మెదిపితే పిల్లలకు ముద్దపప్పు. మిగతా సగంలో తోటకూరో, గోంగూరో, దోసకాయో వేస్తే పెద్దలకు పప్పుకూర. ఒక పొయ్యి, ఒక పప్పు, ముగ్గురికి మూడు రుచులు. చివర మజ్జిగ ఎలాగూ ఉన్నది.

పొయ్యే వెలిగించలేని రోజున తెలంగాణవారి పచ్చిపులుసు ఆదుకొనేది. నిమ్మకాయంత చింతపండు మూడు గ్లాసుల నీళ్ళలో పిసికి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఉప్పు, కాల్చి నలిపిన మిరపకాయలు, చిన్న బెల్లపు ముక్క వేస్తే చాలును. పోపు పెట్టడమూ మానడమూ మీ ఇష్టం. రైలు ప్రయాణానికి కందిపొడి: గ్లాసుడు కందిపప్పును సన్నని సెగమీద ఎర్రగా వేయించి, ఎనిమిది ఎండుమిరపకాయలు, చెంచాడు జీలకర్ర వేరుగా వేయించి, అంతా చల్లారిన తరువాత ఉప్పు కలిపి పొడి చేయాలి. తడి తగలని సీసాలో నెల నిలుస్తుంది. కొత్త ఊళ్ళో బియ్యం దొరికితే చాలును, మొదటి పూట గడిచినట్లే.

ఇందులో పొదుపే కాదు, పోషణా ఉన్నది. బియ్యంలోని మాంసకృత్తులలో లోపించిన లైసిన్ పప్పులో సమృద్ధిగా ఉంటుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిసి తింటే ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. ఈ పేర్లు మన అవ్వలకు తెలియవు; పప్పన్నం తిన్న పిల్లవాడు నిలద్రొక్కుకొంటాడని మాత్రం తెలుసు.

పొరుగువారినుండి నేర్చుకొనడంలోనూ మనవారు బిడియపడలేదు. ఒడిశాలో పప్పూ కూరగాయలూ కలిపి వండే దాల్మా మన పప్పుకూరకు తోబుట్టువే కాబట్టి సులువుగా ఇంటిదైపోయింది. సోలాపూరు వైపు జొన్నరొట్టెకు వేరుశెనగ పొడి తోడైనది. కన్నడసీమలో మన చారు సారుతో, తమిళనాట రసంతో వియ్యమందింది. తరువాత యుద్ధకాలం వచ్చింది. 1943లో బొంబాయి నగరంలో రేషను పెట్టారు. కొలిచి ఇచ్చిన బియ్యంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1956లో అమెరికాతో జరిగిన పి. ఎల్. 480 ఒప్పందం తరువాత గోధుమ ఓడలమీద దిగింది. అన్నం తప్ప ఎరుగని ఇళ్ళలో రాత్రిపూట చపాతీ, ఉదయం గోధుమరవ్వ ఉప్మా అలవాటైనాయి. మొదట సణుక్కొన్నవారే తరువాత అదే మా ఇంటి పద్ధతి అన్నారు.

ఇక్కడ రెండు నిజాలు దాచకుండా చెప్పుకోవాలి. మొదటిది, మనలో చాల కుటుంబాలవారు నియమంచేత శాకాహారులు కారు. వారంలో ఆరు రోజులు పప్పూ పులుసూ వండుకొన్నది ఆచారంవల్ల కాదు, ఖర్చువల్ల. కాబట్టి ఈ వంట ఏ ఒక్క కులం సొత్తూ కాదు. అందరి కష్టంలోనుండి పుట్టిన అందరి వంట.

రెండవది మరింత కష్టమైన నిజం. పొదుపు అని మనం మెచ్చుకొనేదానిలో కొంత భాగం ఇల్లాలి కంచంలోనుండి తీసినది. అందరికీ వడ్డించి, చివర గిన్నె అడుగున మిగిలిన దానిలో మజ్జిగ పోసుకొని తిన్నది ఆమె. ఊదుగొట్టంతో పొయ్యి ఊది పొగ మింగినదీ ఆమె. రాయలవారు ఆనాడే గమనించిన ఆ పొగను మన ఇళ్ళలో చాలకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1959 ప్రాంతంలో మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ మొదలై, ఆ తరువాత గ్యాసు పొయ్యిలు వచ్చి ఆ శ్రమ కొంత తగ్గింది. వంటింటి వైభవాన్ని పొగడుతూ ఆ శ్రమను మరచిపోతే మన చరిత్ర సగమే చెప్పినట్లు.

గోదావరి లంకలలో వచ్చినవారందరికీ అన్నంపెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909) చరిత్రకెక్కారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టడం ముదావహం. కాని పేరు నిలవని సీతమ్మలు మన ప్రతి ఇంటా ఉన్నారు.

నేడు మన పిల్లలు చదువులకో ఉద్యోగాలకో మరొక ఊరికి పోయి గదులలో ఉంటున్నారు. చేతిలో డబ్బు ఉన్న వారం హోటలు, లేని వారం బ్రెడ్డు. వారికి కావలసింది పండుగ వంటలు కావు. అరగంటలో, కొద్ది ఖర్చులో అయ్యే పప్పుచారు. అది మనకు తెలుసు, కాని చెప్పడం తెలియదు. “ఉప్పు తగినంత, పులుపు చూసుకొని” అంటాము. ఆ తగినంత ఎంతో పెద్దవారి చేతికి తెలుసు. ఆ చెయ్యి వెళ్ళిపోయిననాడు కొలత కూడా వెళ్ళిపోతుంది. మాలో ఒక్కొక్కరి ఇంట ఏదో ఒక పులుసు ఇలాగే పోయింది. రుచి నాలుకమీద ఉన్నది, చేసే తీరు ఎవరికీ రాదు.

అందుచేత ఈ సంవత్సరానికి మా మనవి ఒక్కటే. మీ ఇంటి పెద్దవారు వండుతుండగా పక్కన నిలబడి, వారు పిడికిట తీసిన పప్పును ఒక్కసారి గ్లాసులో పోసి కొలవండి. చింతపండు ఉండను చూసి నిమ్మకాయంతా ఉసిరికాయంతా వ్రాసుకోండి. ఆ కాగితం కొడుకుకూ ఇవ్వండి, కూతురికీ ఇవ్వండి. తరువాత ఆ పూట వంట వారిచేత చేయించి, వండే అమ్మను ముందు కూర్చోబెట్టి వడ్డించండి.

ఓరుగల్లులో రూకకు దొరికిన భోజనం మన పొయ్యిమీద ఇంకా చవకగానే దొరుకుతున్నది. దానిని మన తరంతో ఆపకుండా అందించడం మన చేతిలోని పని. పాఠకులకు, వారి కుటుంబాలకు ఉగాది శుభాకాంక్షలు.