పేరు మారిన పెరాక్ పసుపు రాయి

టిగ్ వెల్డింగ్ చేసే మన సోదరుల చేతిలో ఉండే సన్నని కడ్డీ టంగ్‌స్టన్‌తో చేసినది. 'టిగ్'లో మొదటి అక్షరం ఆ లోహం పేరే. వేడి 3,400 డిగ్రీలు దాటితే గాని అది కరగదు. బరువులో బంగారానికి సాటి. ఆ లోహం చరిత్రలో మనం పని చేసుకుంటున్న ఈ మలేసియాకూ ఒక పేజీ ఉంది. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

ఇపో పట్టణం దాటి దక్షిణంగా వెళితే సింపాంగ్ పులాయ్ వస్తుంది. కామెరాన్ కొండలకు దారి అక్కడ చీలుతుంది. ఆ పక్కనే, సున్నపురాయి కొండల దగ్గర, క్రమత్ పులాయ్. మలయ్ భాషలో క్రమత్ అంటే మహిమ గల స్థలం. పులాయ్ అంటే మన ఏడాకులపాల జాతి చెట్టు. కింటా లోయ అంతా తగరానికి పేరు. అయితే ఇక్కడి గనిలో తగరంతో పాటు షీలైట్ అనే టంగ్‌స్టన్ ఖనిజం కూడా పడింది. ఈ గని మీద విల్‌బోర్న్, ఇంగమ్ అనే ఇద్దరు 1933లో లండన్ భూగర్భ శాస్త్ర సంఘం పత్రికలో పెద్ద వ్యాసమే రాశారు. షీలైట్ పగటి వెలుగులో మామూలు రాయిలా ఉంటుంది. చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే నీలి తెలుపుగా మెరుస్తుంది.

మన కథ ఆ షీలైట్‌ది కాదు, అదే చోట దొరికిన ఒక పసుపు రాయిది. చూడడానికి మట్టిలా ఉంటుంది, స్ఫటికాలు మరీ సన్నవి. అప్పటి సమాఖ్య మలయ్ రాష్ట్రాలకు 1903లో మొదటి ప్రభుత్వ భూగర్భ శాస్త్రజ్ఞుడుగా వచ్చిన స్క్రివెనార్, ఆయనతో షెంటన్, దాన్ని కొత్త ఖనిజంగా గుర్తించి 1927లో ఒక అమెరికా సైన్సు పత్రికలో ప్రకటించారు. అందులో టంగ్‌స్టన్‌తో పాటు తోరియం ఉందని లెక్క తేల్చి 'తోరోటంగ్‌స్టైట్' అని పేరు పెట్టారు.

రంగు కొత్తగా ఉంటే కొత్త ఖనిజం అయిపోదు. అందులో ఏ మూలకం ఎంత ఉందో కొలవాలి, అణువులు ఏ వరుసలో కూర్చున్నాయో ఎక్స్‌రేతో చూడాలి, ముందే తెలిసిన ఖనిజాలతో పోల్చాలి. 1927లో ఎక్కువ భాగం ఆమ్లాలు, వడపోతలు, త్రాసులే దిక్కు. తోరియానికీ, ఇట్రియం, సీరియం వంటి అరుదైన లోహాలకూ గుణాలు దగ్గర. ఆక్జాలిక్ ఆమ్లం పోస్తే అన్నీ కలిసే అడుగుకు దిగుతాయి. వాటిని విడదీయడం ఎంతో ఓపికతో కూడిన పని. ఆ రాయిని మళ్ళీ పరీక్షించినప్పుడు అందులో ముఖ్యమైనది తోరియం కాదనీ ఇట్రియమనీ తేలింది. 1950లో పేరు 'ఇట్రోటంగ్‌స్టైట్'గా మారింది. ఇరవైమూడేళ్ళు ఆ రాయి వేరేవాళ్ళ ఇంటిపేరుతో తిరిగిందన్నమాట!

ఇక్కడ వెల్డర్లకు ఒక మాట. రాతిలో లేదని తేలిన ఆ తోరియం, మీ ఎర్ర కొన కడ్డీలో నిజంగానే ఉంటుంది, సుమారు 2 శాతం. అది కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం. కడ్డీ పెట్టెలో ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. కొన సాన పట్టేటప్పుడు లేచే దుమ్మును పీల్చడమే ప్రమాదం. మాస్కు, దుమ్ము లాగే యంత్రం అడగండి. బూడిద రంగు కొన కడ్డీలో తోరియం బదులు సీరియం ఉంటుంది, చాలా పనులకు అదే సరిపోతుంది.

అదే గని నుంచి 1971లో 'అల్యూమోటంగ్‌స్టైట్' అని ఇంకో కొత్త పేరు వచ్చింది. దానికి అంత ఆయుష్షు లేకపోయింది. 2010లో శాస్త్రజ్ఞులు ఆ కుటుంబం పేర్లన్నీ తిరగరాసినప్పుడు దాన్ని కొట్టేశారు. ఆ రాయి ఇప్పుడు ఆస్ట్రేలియా ఊరి పేరు మీద 2005లో వచ్చిన ఎల్స్‌మోరైట్ వర్గంలో కలిసింది.

1985లో తగరం ధర కుప్పకూలాక కింటా గనులు చాలావరకు మూతపడ్డాయి. తవ్విన గుంతలు చెరువులయ్యాయి. ఇట్రోటంగ్‌స్టైట్ పేరు మాత్రం ప్రపంచ ఖనిజాల జాబితాలో నేటికీ ఉంది. పుట్టిన చోటు అన్న గడిలో క్రమత్ పులాయ్, పెరాక్ అనే రాస్తారు.