దూడ తాగాకే

లేత్ ఆగి గంట దాటింది. మామూలు రోజుల్లో మా బావ షెడ్డులో ఒకరి మాట ఒకరికి వినబడాలంటే చెవిలో నోరు పెట్టి అరవాలి. ఇవాళ ఫ్యాను కిర్రుమనడం కూడా వినిపిస్తోంది. ఇనప రజను ఊడ్చి డబ్బాకెత్తారు. లేత్ బెడ్డును నూనెగుడ్డతో తళతళలాడేట్టు తుడిచి, పసుపు రాసి బొట్లు పెట్టారు. చక్కుకి బంతిపూల దండ. ఎదురుగా కొత్త తువ్వాలు పరిచి పానాలు, సుత్తులు, ఆకురాళ్లు, మైక్రోమీటరు అన్నీ సైజులవారీగా పడుకోబెట్టారు. ఇవాళ మహర్నవమి. బెజవాడ ఆటోనగర్‌లో ఆయుధపూజ.

బయటికొచ్చి వీధి చివరిదాకా ఓ చూపు చూడండి. క్యాబిన్ లేని ఛాసీలు, సగం బాడీ కట్టినవి, రంగు కోసం అద్దాలకి కాగితాలంటించుకుని నిలబడ్డవి, అన్నీ లారీలే. బంపర్లకి అరటి పిలకలు, చక్రాల కింద నిమ్మకాయలు. గుమ్మడికాయ పగలగొట్టిన చోట కుంకం నీళ్లు పారి డీజిలు మడుగులో కలుస్తున్నాయి. సాంబ్రాణి, గ్రీజు, థిన్నరు కలిసిన వాసన ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు. ఇక్కడ పెరిగినవాళ్లకి మాత్రం దసరా అంటే ఆ వాసనే.

పూజయ్యాక పళ్ళెం తిరిగింది. కొబ్బరిముక్కలు, తాలింపు శనగలు, బూందీ. వెనకాలే స్వీటు పొట్లాలు. వాటిని ఎవరూ షెడ్డులో విప్పరు. ఇంటికి పట్టుకెళతారు, పిల్లలు కోవా ఏరుకుని మిగతావి వదిలేస్తారు. లేత్ మేస్త్రి సంచీలోంచి తీసిన డబ్బా వేరు. ఆయనది బందరు. ఆటోనగర్ గేటు ముందు నుంచి పోయే బందరు రోడ్డు పట్టుకుని కానూరు, పోరంకి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటుకుంటూ పోతే ఆయన ఊరే వస్తుంది.

ఆ డబ్బాలో లడ్డూ ఒకటి చేతిలోకి తీసుకోండి. బూందీ గింజ కనబడదు. శనగపిండిని పూసగా వేయించి, రోట్లో దంచి, జల్లించి, బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్లీ దంచుతారు. అందుకే దీన్ని తొక్కుడు లడ్డు అంటారు. బుందేల్‌ఖండ్ నుంచి వచ్చి బందరులో స్థిరపడ్డ బొందిలీలు తెచ్చిన విద్య అని చెబుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పంటికి పని ఉండదు, నాలుకే చూసుకుంటుంది.

నేను రెండోదానికి చెయ్యి చాపితే బావ ఆపాడు.

"కడుపులో కాస్త చోటుంచుకోరా. పిన్ని రావాలి."

పిన్ని అంటే ఎవరి పిన్నీ కాదు. వీధి మొత్తానికి పిన్ని. జున్ను పిన్ని.

అప్పటికే హెల్పర్ కుర్రాడు మూడుసార్లు వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. నాలుగోసారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. షేర్ ఆటో దిగుతోందట. నెత్తి మీద చుట్టగుడ్డ, దాని మీద అల్యూమినియం బేసిన్, పైన తడిగుడ్డ, చంకలో అరటాకుల చుట్ట, రెండో చేతిలో ప్లాస్టిక్ సంచీ. ఆమె మా షెడ్డు అరుగు మీద బేసిన్ దించేలోపే పక్క కమాన్ల షెడ్డు నుంచి నలుగురు, ఎదుటి వెల్డింగు షాపు నుంచి ఇద్దరు, రిపేరుకొచ్చి పండగతో ఇరుక్కుపోయిన లారీ డ్రైవర్లు చేరిపోయారు.

"ముందు చేతులు కడుక్కోండయ్యా, గ్రీజు చేతులతో నా ఆకు ముట్టుకోమాకండి" అంది.

ఆటోనగర్‌లో చేతులు కడుక్కోవడం ఓ తతంగం. పూజ రోజైనా గోళ్ల సందుల్లో నిన్నటి నలుపు ఉంటుంది. ముందు మగ్గులో డీజిలు. దాంతో మోచేతులదాకా రుద్దుకోవాలి. తర్వాత రంపపు పొట్టు. ఆ తర్వాత సర్ఫు. అప్పుడు నీళ్లు. ఇంత చేశాక కూడా మేస్త్రి వేలి గీతల్లో నలుపు పోలేదు. ముప్పై ఏళ్ల నలుపు అది, పోదు.

తడిగుడ్డ తీసింది. లేత గోధుమరంగులో, అంచుల దాకా కదలకుండా నిలిచిన జున్ను. పైన మీగడలా పలచటి పొర, మీద యాలకుల పొడి. రేకుముక్కలాంటి చాకుతో నిలువు గీత, అడ్డం గీత. ముక్క లేపగానే ఆ ఖాళీలోకి బెల్లం రంగు నీరు ఊరింది. ముక్కని పక్కకి తిప్పి చూడండి. అడుగున సన్నటి నల్లగీత. మిరియాల పొడి దిగి అక్కడ పేరుకుంది. అసలు సంగతి ఆ గీతలోనే ఉంది. పైనుంచి తింటూ వస్తే ముందు చల్లగా జారుతుంది, తర్వాత బెల్లం, మింగాక గొంతులో చిన్న మంట. వెనకాల పాలదే అయినా మామూలు పాలలో ఉండని ఓ పచ్చివాసన. అది నచ్చనివాళ్లు ఉంటారు. వాళ్ల వాటా కూడా మనమే తినొచ్చు.

"పిన్నీ, మొదటి పూట పాలేనా?" అడిగాడు బావ, ఏటా అడిగినట్టే.

"మొదటి పూటయి దూడకి బాబూ. అది కడుపునిండా తాగాకే మనకి. మిగిలిన కాసిన్ని ముర్రు రెండో పూటవాటిల్లో కలిపా. చూడు, చాకు గుచ్చితే నిలబడిద్ది."

నిజంగానే గుచ్చి చూపించింది. నిలబడింది.

ఆమె లెక్క ఇంటి లెక్కే. గేదె ఈనిన తొలిపూట ముర్రుపాలు గ్లాసుంటే మామూలు పాలు రెండు మూడు గ్లాసులు పట్టుకుంటాయి. రెండో రోజువి సగానికి సగం. మూడో రోజువైతే ఏమీ కలపక్కర్లేదు, ఆ పాలే అంతంతమాత్రంగా తోడుకుంటాయి. నాలుగో రోజుకి అవి ఉట్టి పాలు. తోడు వేయకుండా, నిమ్మరసం పిండకుండా ఉట్టి ఆవిరికే గడ్డకట్టడానికి కారణం ముర్రులో ఉండే మాంసకృత్తులు. మామూలు పాలలో కంటే కొన్ని రెట్లు ఎక్కువ. వేడి తగలగానే గుడ్డులో తెల్లసొనలాగా బిగుసుకుంటాయి. వాటిలో పెద్ద భాగం దూడకి రోగాలు రాకుండా తల్లి పంపే కాపుదళం. పుట్టిన మొదటి రోజులోపు తాగితేనే దూడ పేగులు దాన్ని రక్తంలోకి తీసుకోగలవు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. పిన్ని ఏ పుస్తకమూ చదవకుండా దూడ తాగాకే అంటోంది.

మహారాష్ట్ర నంబరు లారీ డ్రైవరు ఆకు చేతిలో పట్టుకుని ఓసారి వాసన చూశాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"అరే, ఖర్వస్!"

పక్కనున్న సేలం క్లీనరు ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లో దాని పేరు సీంపాల్ అట. కన్నడ దేశంలో గిణ్ణు. ఎవరి పేరు సరైందో తేలేలోగా ఇద్దరూ రెండో ముక్క అడిగారు. ఐస్‌లాండు మంచుదేశంలో కూడా ఈనిన ఆవు తొలిపాలతో ఆబ్రిస్తిర్ అని చేసుకుని దాల్చినచెక్క పొడి, పంచదార చల్లుకుని తింటారని నేను చదివాను. చెబుదామని నోరు తెరిచాను కానీ ఎవరూ నావైపు చూడటం లేదు. అందరి కళ్లూ బేసిన్ మీదే.

ఇంత గిరాకీ ఉంటే మిఠాయి దుకాణాల గాజుబల్లలో ఇదెందుకు ఉండదు? కాజా కావాలంటే పిండి ఉంటే చాలు. పూతరేకులకి బియ్యం, కుండ, ఆత్రేయపురం చెయ్యి ఉండాలి. అవి ఏ నెలలోనైనా దొరుకుతాయి. జున్నుకి మాత్రం గేదె ఈనాలి. మన గేదెలు ఎక్కువగా వానాకాలంలో మొదలుపెట్టి చలికాలం దాకా ఈనుతుంటాయి. అందుకే దసరా రోజుల్లో పిన్ని బేసిన్ నిండుగా ఉంటుంది, ఎండాకాలంలో అసలు కనిపించదు. ఆర్డరిస్తే వచ్చేది కాదిది.

కనిపించని నెలల్లో ఏం చేస్తారంటే, మోసం చేస్తారు. కిందటి వేసవిలో ఊళ్లో ఓ దుకాణం బయట జున్ను అని రాసి ఉంటే ఆశగా కొన్నాను. తెల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. చెంచాతో నొక్కితే రబ్బరులా పైకి లేచింది. పాలపొడిలో చైనాగ్రాసు. చైనాగ్రాసు మీద నాకు కోపం లేదు, గుడ్డు కొట్టి చేసుకునే జున్ను మీదా లేదు. ఇంట్లో ముర్రుపాలు లేనప్పుడు మా అమ్మా చేసేది, ఇది గుడ్డు జున్నురా అని చెప్పి మరీ పెట్టేది. పేరు మార్చి అమ్మడమే ఒళ్లుమండే పని. మీరూ చూసుకోండి. అసలు జున్నుని విరిస్తే లోపల సన్నటి రవ్వ కనబడుతుంది, చిన్న చిన్న బొరియలుంటాయి, కాసేపుంచితే నీరు ఊరుతుంది. మరీ నున్నగా ఉందంటే అనుమానించాలి.

అయిదు కాకముందే బేసిన్ ఖాళీ. అడుగున మిగిలిన బెల్లం నీరు హెల్పర్ కుర్రాడి వాటా. వాడు బేసిన్ ఎత్తి తాగుతుంటే అందరం చూస్తూ నిలబడ్డాం. అంతమంది పెద్దమనుషులం, సిగ్గులేకుండా.

అప్పుడు పిన్ని ప్లాస్టిక్ సంచీలోంచి నీళ్లసీసా తీసింది. లోపల చిక్కటి, పసుపు తిరిగిన పాలు. ఇంటికి పట్టుకెళ్లమంది. "సన్న సెగ బాబూ. తొందరపడితే ఇరిగిపోద్ది" అని రెండుసార్లు చెప్పింది.

పటమటలో మా ఇంటికొచ్చేసరికి ఏడైంది. వంటింట్లో నేనొక్కణ్ణే, మా ఆవిడ గుడికి వెళ్లింది. పావుకిలో బెల్లం తురిమి పాలలో కరిగించాను, వడగట్టాను. బెల్లంలో ఇసక ఉంటుంది, వడగట్టడం మానొద్దు. మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా నూరాను. ఇడ్లీపాత్రలో నీళ్లు పోసి, పాలగిన్నె దించి, మూత మీద ఆవిరి నీళ్లు పాలలో పడకుండా ఇంకో పళ్లెం బోర్లించాను. ఇంతవరకూ అంతా సవ్యం. అమ్మకి ఫోను చేశాను, పండగ మాటల్లో పడ్డాను. పాత్రలో నీళ్లు కుతకుతమంటున్న చప్పుడు ఫోనులో అమ్మకే ముందు వినిపించింది.

"మంట తగ్గించావా?"

తగ్గించలేదు.

మూత తీసేసరికి జున్ను గిన్నె అంచుల నుంచి విడిపోయి, ఒళ్లంతా బొరియలతో తేనెపట్టులా ఉంది. చుట్టూ నీరు. చాకు గుచ్చాను. నిలబడలేదు, పక్కకి ఒరిగింది. అమ్మ అటునుంచి ఏమైందని అడుగుతూనే ఉంది. బాగానే వచ్చిందన్నాను. నమ్మలేదు.

చల్లారాక మా ఆవిడ ఓ ముక్క తిని, "రుచి అదే, రూపమే లేదు" అంది. న్యాయమైన మాట. పక్కింటికి ఓ గిన్నె పంపుదామనుకున్నది మానుకుని, ఇద్దరం చెంచాలతో గిన్నెలోంచే తినేశాం. అడుగున నీరు నేనే తాగాను, హెల్పర్ కుర్రాడిలాగే, గిన్నె ఎత్తి.

పండగ వెళ్లాక ఎల్లుండి మళ్లీ వస్తానని పిన్ని చెప్పింది. కంకిపాడు అవతల ఓ ఇంట్లో గేదె ఇవాళో రేపో అన్నట్టుందట. నాలుగింటికి గేటు దగ్గరుంటాను. ఈసారి సీసా కొనను, ఆకులోనే తింటాను. మీరూ రండి, అయిదులోపు.