తెరచాప ఎత్తు, వాడకొయ్య బరువు

1903లో అమెరికాస్ కప్ అనే తెరచాప పడవల పందెం కోసం నథానియల్ హెరెషాఫ్ రూపొందించిన 'రిలయన్స్' అనే పడవ నీటిగీత దగ్గర సుమారు 90 అడుగుల పొడవే ఉన్నా, ఒకే వాడకొయ్య మీద 16,160 చదరపు అడుగుల తెరచాపను మోసి, పోటీకి వచ్చిన 'షామ్‌రాక్ 3'ను మూడు పందేల్లోనూ ఓడించింది. ఆ విజయం ఘనమైనదే గాని, అంత చాపను అదుపులో ఉంచడానికి అరవైమందికి పైగా నావికులు కావలసివచ్చింది. గాలి వేగం రెట్టింపైతే చాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఆ ఒత్తిడి ఎంత ఎత్తున పడితే పడవను అంతగా పక్కకు ఒరగదోస్తుంది.

ఇటువంటి అతిని అరికట్టడానికి హెరెషాఫే ఒక కొలత సూత్రాన్ని రూపొందించాడు. పడవ పొడవు కొలతను తెరచాప వైశాల్యపు వర్గమూలంతో గుణించి, పడవ బరువు ఘనమూలంతో భాగించే ఆ సూత్రంలో వచ్చే విలువ నిర్ణీత హద్దు దాటకూడదు కనుక, చాప పెంచిన వారు పొడవు తగ్గించుకోవాలి, లేదా బరువు పెంచుకోవాలి.

వైశాల్యానికి హద్దు ఏర్పడటంతో దృష్టి ఆకారం మీదికి మళ్లింది. పక్కగాలిలోనూ, గాలికి ఏటవాలుగా ఎదురు వెళ్లేటప్పుడూ తెరచాప పక్షి రెక్కలా పనిచేస్తుంది. దాని అంచు దగ్గర గాలి ఒక వైపు నుంచి మరో వైపుకు జారి సుడి తిరగడం వల్ల బలం వృథా అవుతుంది. అదే వైశాల్యాన్ని సన్నగా, ఎత్తుగా మలిస్తే ఆ నష్టం తగ్గుతుంది. పై వాసానికి వేలాడే నాలుగు మూలల చాప స్థానంలో బెర్ముడా పద్ధతి అనే ఎత్తైన త్రికోణపు చాప రావడానికి ఇదే ముఖ్యకారణం. అయితే ఎత్తైన చాపకు ఎత్తైన కొయ్య కావాలి. పైన పెరిగే ప్రతి మణుగూ పడవ నిలకడను హరిస్తుంది కనుక, అసలు చిక్కు అక్కడే ఉంది.

1930లో అదే కప్ కోసం పడవల రూపకర్త స్టార్లింగ్ బర్జెస్ 'ఎంటర్‌ప్రైజ్'కు డ్యూరాలుమిన్ అనే తేలికైన అల్యూమినియం మిశ్రలోహపు కొయ్యను అమర్చి ఈ చిక్కును విప్పాడు. రిలయన్స్ చాపలో సగానికన్నా తక్కువ వైశాల్యంతోనే ఆ పడవ, చెక్క కొయ్య ఉన్న 'షామ్‌రాక్ 5'ను నాలుగు పందేల్లోనూ ఓడించింది. రిలయన్స్‌ను 1913లోనూ, ఎంటర్‌ప్రైజ్‌ను 1935లోనూ విరగ్గొట్టి తుక్కు చేశారు. ఓడిన షామ్‌రాక్ 5 మాత్రం నేటికీ నిలిచి ఉంది.